రంజన్ కింది సీసా

మీ చాయ్ చల్లారినా ఫికర్ లేదు గని, ముందు నేను చెప్పేది ఇనుండ్రి. పోయిన వారం మా ఇంటి గోడ మీద వాలిన కాకి ఒకటి నా పరువు కాపాడింది. కాపాడిందో తీసిందో మొత్తం ఇన్నంక మీరే చెప్పాలె. అది వాలినకాన్నుంచి నేను పెరట్ల నల్లా కాడ నిలబడి పండ్లు తోముకునుడు బంద్ చేసిన. నవ్వకుండ్రి! ఇంకా మొదలే పెట్టలే.

నా సంగతి మీకు ఎరుకే. పేరు సుగుణ, పెట్టినోళ్లకు ముందట ఏమైతదో తెల్వకపాయె. దయ్యం అంటే నవ్వుత. ఎవలకన్న పూనకం వస్తే చెంబెడు సల్లనీళ్లు మొకాన కొడుత. బడి పదో తరగతి కాడ ఆగింది గని చదువుడు ఆగలే. బజ్జీలు కట్టిచ్చిన కాగితం గూడ నూనె ఒత్తి చదువుత. పక్కనున్న జ్యోతినగర్ కరెంటు ప్లాంటు ఇంజనీర్లు బదిలీ మీద పోయేటప్పుడు పాత పుస్తకాలన్ని చిత్తుకాగితాల దుకాణంల పడేసి పోతరు. నేను ఆ దుకాణంల కూసుండి, ఏరుకొని, తూకానికి తెచ్చుకుంట. అట్ల దొరికిందే ఒక లావు ఇంగ్లిష్ పుస్తకం. మొత్తం వైన్ గురించే! డిక్షనరీ పక్కకు పెట్టుకొని ఈ అట్ట నుంచి ఆ అట్ట దాక చదివిన. వైన్ రంగు ఎట్ల చూడాలె, వాసన ఎట్ల పట్టాలె, నోట్లె ఎట్ల తిప్పి ఎట్ల ఉమ్మాలె, అన్నీ నాకు తెలుసు. ఒక్కటే తక్కువ. నా జన్మల వైన్ సుక్క నా నాలుక మీద పడలే. ఒడ్డు మీద కూసుండి ఈత నేర్పే రకం అన్నట్టు.

ఇగ మా మామ గురించి చెప్పాలె. పేరు మొండయ్య. పేరుకు తగ్గ మనిషి. బొగ్గుబాయిల టింబర్‌మన్. పైకప్పు కూలకుండ కర్ర దుంగలు నిలబెట్టుడు ఆయన పని. చేతికర్రతోని కప్పును టక్ టక్ కొట్టి, తల ఓ పక్కకు వంచి, సప్పుడు ఇని చెప్పేటోడు: ఇది నిలబడ్తది, ఇది గుల్లగున్నది, జరుగుండ్రి అని. ఇంట్ల గూడ అదే అలవాటు. మనం ఏమన్న చెప్తాంటే తల వంచి ఇనేటోడు, లోపల గుల్లగున్నామా అన్నట్టు.

నేను కోడలిగ వచ్చిన కొత్తల, ఆయన దాచుకున్న క్వార్టర్ సీసా తీస్కపోయి మోరీల గుమ్మరిచ్చిన. ఇంట్ల కూరకు దిక్కులేని రోజు సీసా ఏంది అన్న. ఇప్పటికీ నేను చేసింది మంచి పనే అంట. ఆయన ఒర్లలే, చెయ్యెత్తలే. తల వంచి నన్ను చూసి, "సుగుణా, ఇయ్యాల్టిసంది నీ చేతి నీళ్లు గూడ ముట్ట" అన్నడు. ముట్టలే! సచ్చేదాక ముట్టలే! అత్త వండితే తిన్నడు. అత్తకు జరమొస్తే హోటల్ల ఇడ్లీ తిన్నడు. దవాఖానల ఆఖరి రోజుల్ల నేను గ్లాసు అందిస్తే పెదవులు గట్టిగ మూసుకున్నడు. కని ఆయన డ్యూటీ బట్టలు మాత్రం ఏండ్ల తరబడి పిండింది నేనే. వాటి మీద ఒట్టు పెట్టుకోలే, తెలివిగల్లోడు.

పోయిన ఏడాది మామ పోయిండు. పదకొండో రోజు గోదావరి ఒడ్డున పిట్టకు పెట్టినం. పోయినోళ్లు ఏది ఇష్టపడి తిన్నరో, తాగిన్రో అవన్నీ విస్తరిల పెడితే కాకి వచ్చి ముట్టాలె. ముట్టిందంటే మనిషి తృప్తిగ పోయినట్టు. మటన్ పెట్టినం, కల్లు పెట్టినం, క్వార్టర్ సీసా పెట్టినం, బీడీల కట్ట పెట్టినం. ఒక్క కాకి దిగలే. కాకులు లేక గాదు! ఒడ్డు మీద కరెంటు తీగల నిండా బారుగట్టి కూసున్నయి. అన్ని కాకులున్నకాడ ఒక్కటన్న కావుమనాలె గద? లేదు. మా దిక్కే చూసుకుంట, సప్పుడు లేకుండ కూసున్నయి. ఎండ మీదికొచ్చింది, మటన్ మీద ఈగలు వాలినయి, అవి కదల్లే. ఆఖరుకు విస్తరి ఆవు ముందట పెట్టి ఇంటిదారి పట్టినం. ఆటో ఎక్కినంక మా పక్క క్వార్టర్ కనుకక్క మెల్లగ అన్నది. మెల్లగ అంటే సరిగ్గ నాకు ఇనపడేటంత మెల్లగ. "వంట కోడలు చేసింది గదా. బతికుండి ముట్టనోడు సచ్చినంక ముడ్తడా?"

ఆ మాట మాకంటే ముందే కాలనీకి చేరింది.

నాకైతే ఏం పట్టింపు లేదు. కాకులకు ఆ పూట ఆకలి లేదు, అంతే. కని అత్తకు అది గుండెల మేకు లెక్క దిగింది. అత్త కండ్లల్ల పొర వచ్చింది, ఆపరేషన్ చేస్తే శుభ్రంగ కనబడ్తది అని డాక్టర్ చెప్పి ఎన్నో రోజులాయె. పోదామంటే వద్దంటది. మా ఆయన సమ్మయ్య బతిమిలాడిండు, నేను తిట్టిన. ఒకనాడు గట్టిగ అడిగితే అసలు ముచ్చట చెప్పింది.

"మీ మామ ఇంకా ఇంట్లనే తిరుగుతాండు బిడ్డా. ఇప్పుడైతే మసక. కండ్లు మంచిగైతే కనబడ్తడు. నాకు భయం."

నాకు నవ్వు రావాలె. రాలే. ఎందుకంటే ఆ మాట అనుకుంట అత్త నా మొకం దిక్కు గాదు, నా ఎనుక తలుపు దిక్కు చూస్తాంది.

ఏడాది మాసికం ఇగ తెల్లారితే అనంగ, పగటీలి మా పక్క బొగ్గుగని ఓపెన్‌కాస్ట్‌ల బ్లాస్టింగ్ అయింది. రోజూ అయ్యేదే. సైరన్ మోగుతది, కిటికీలు గలగలమంటయి, గిన్నెలు ఒకదాంతోనొకటి ముచ్చట పెడ్తయి, ఎనుకనే బొగ్గుపొడి వచ్చి అన్నిటి మీద కూసుంటది. అందుకే మా కాలనీ ఆడోళ్లది ఒకటే అలవాటు. సైరన్ ఇనబడ్డదంటే చేతిల ఏ పనున్నా ఇడిసిపెట్టి, ఇంట్ల మూత లేనిదానికల్ల మూత పెట్టుడు. బుర్రతోని పని లేదు, చేతులే పెడ్తయి. ఈ ముక్క యాదికుంచుకోండ్రి.

ఆ రోజు బ్లాస్టింగ్ అయింది, కిటికీలు సద్దుమణిగినయి, పిల్లి గూడ మల్ల పండుకున్నది. అంతా నిమ్మలమైనంక, వంటింట్ల మామ రంజన్ దానంతట అదే పగిలింది. రంజన్ అంటే ఈ కాలపు పిల్లలకు తెల్వదేమో, పెద్ద మట్టి నీళ్లకుండ. కింద తడి ఇసుక పరిచి దాని మీద కూసోబెడ్తరు, ఎంత ఎండకాలమైనా నీళ్లు మంచు లెక్క ఉంటయి. మామ ఉన్నన్ని రోజులు ఆ ఇసుక ఆయనే మార్చేటోడు. ఎవల్నీ దగ్గరికి రానియ్యకపోయేది. ఇసుకకు కావలి ఏందని నేను ఎన్నిసార్లు నవ్విన్నో!

నీళ్లు జలజల కారి ఇసుకను కోసుకపోయినయి. ఇసుకలకెల్లి నల్లటి సీసా మెడ బయటికి వచ్చింది. పాతిపెట్టినోడు వేలు పైకెత్తినట్టు.

మా ఆయన బాయిల ఎలక్ట్రీషియన్. భూమి లోపట అంత లోతున చీకట్ల పని చేసే మనిషి, వంటింటి గడప దాటి లోపలికి రాలే. "నువ్వే తియ్యి" అన్నడు. తీసిన. తడి ఇసుకల పడుకోబెట్టి ఉన్నది, పసిపోరన్ని పండబెట్టినట్టు. సల్లగ ఉన్నది, చెయ్యి జివ్వుమన్నది. అత్త చేతిల పెట్టిన. అత్త సీసాను నిమురుకుంట పోయి, అడుగున ఉన్న గుంటల వేలు పెట్టి ఆగింది.

"తెల్లదొర సీసా!" అన్నది.

అప్పుడు చెప్పింది. మా ఆయన చిన్నపోరడుగ ఉన్నప్పుడు, కొత్త పద్ధతిల బొగ్గు తీసుడు నేర్పనీకి ఫ్రాన్స్ దేశపోళ్లు మా బాయిలకు వచ్చిండ్రట. ఒకనాడు మామ కప్పును టక్ టక్ కొట్టి, తల వంచి ఇని, ముందట నిలబడ్డ దొర బెల్టు పట్టుకొని ఒక్క గుంజు గుంజిండట. దొర నిలబడ్డ జాగల కప్పు కూలింది. తెల్లారి దొర ఈ సీసా తెచ్చిచ్చి, పక్కపొంటి ఉన్న ఇంజనీర్‌తోని చెప్పిచ్చిండట: సల్లటి చీకట్ల పడుకోబెట్టు, ఎంత ఆగితే అంత మంచిగైతది అని.

"ఎప్పుడో తాగిండనుకున్న" అన్నది అత్త. "ఆగుతనే ఉన్నడా, మొండోడు!"

పగిలిన రంజన్‌ల మిగిలిన నీళ్లు సుక్క సుక్క పడుతున్నయి.

"అందుకే ముట్టలే" అన్నది అత్త. "దీనికోసమే గడపల నిలబడ్డడు. రేపు ఇదే పెట్టాలె. కాకి ముడితే ఆపరేషన్‌కు నడుస్త. ముట్టకపోతే ఇగ నన్ను అడగకుండ్రి, ఇట్లనే గుడ్డిదాని లెక్క పోత."

అయ్యా, అదీ లెక్క. ముసలిదాని కండ్లు ఒక కాకి ముక్కు మీద ఆగినయి. నా పేరు గూడ దాని మీదనే, నేను పట్టింపు లేదన్నా గని.

నేను లేబుల్ తుడిచి చూసిన. తడికి సగం చెద తిన్నట్టయింది గని అక్షరాలు కనబడ్డయి. బర్గండీ! ఎర్ర బర్గండీ! పరుగుపరుగున పోయి పుస్తకం తెచ్చిన. అది ఫ్రాన్స్‌ల ఒక సీమ, అక్కడి ఎర్ర వైన్ అంటే లోకమంతా పడి సస్తది. పాతబడేకొద్ది రంగు దిగుతది, వాసన లేస్తది. అయితే ఒక తిరకాసు. మరీ పాతదైతే పులిసి సిర్కా, అదే వెనిగర్, అయి ఉండొచ్చు. మంచిగున్నా, మూత తీసినంక ఎక్కువసేపు బతుకదు. గాలి తాకంగనే జర్రంత మెరిసి పానం ఇడుస్తది.

"అందుకే ముందు పరీక్ష చెయ్యాలె" అన్న.

"సచ్చినోనికి పెట్టేదానికి పరీక్ష ఏందే?" అన్నడు మా ఆయన.

"బతికున్నప్పుడు మీ బాపు సిర్కా తాగిండా? మరి ఇప్పుడెందుకు తాగుతడు? మల్ల కాకి ముట్టకపోతే ఎవలను అంటరు? నిన్ను అంటరా?"

అత్త మాత్రం ఒక్కటే మాట అన్నది. "ఎంగిలి గానియ్యకు బిడ్డా. సుక్క గూడ ఎంగిలి కావద్దు."

"ఎట్లయితది అత్తా? నేను వేరే గ్లాసుల పోసుకుంట. వేరే చెంబుల ఉమ్ముత. దాని పద్ధతే అది. మింగరు, ఉమ్ముతరు. ఫ్రాన్స్‌ల పెద్ద పెద్దోళ్లు గూడ ఉమ్ముతరు!"

నోరా, నీకు దండం.

తెల్లారి మబ్బు కమ్మింది. పొద్దెక్కినా ఇంట్ల దీపాలు పెట్టే చీకటి. కరెంటు పోయింది. వంటలైనయి, పెరటి గోడ మీద విస్తరి పరిచి అన్నీ వడ్డించినం. కనుకక్క వచ్చి కుర్చీ ఏసుకొని కూసున్నది, సినిమాకు వచ్చినట్టు. తీగల మీద కాకులు బారుగట్టినయి. మల్ల అదే! సప్పుడు లేదు.

వంటింట్ల నేను, మా ఆయన. కటింగ్ ప్లేయర్‌తోని, ఒక మర మేకుతోని మూత గుంజినం. సగం వచ్చింది, సగం పొడి పొడిగ రాలింది. స్టీలు చెంబు మీద పల్చటి బట్ట కట్టి, సీసా మెడ కింద టార్చిలైట్ పట్టుకోమని ఆయనకిచ్చి, మెల్లగ వంచిన. పాతవైన్ అడుగున మడ్డి ఉంటది. తేట అంతా వచ్చి, నల్లటి తీగ లెక్క మడ్డి మెడకాడికి రాంగనే ఆపాలె. ఆపిన. తేట అంతా మంచి చెంబుల, అడుగు మడ్డి రెండో చెంబుల. ఆ రెండోది ఉమ్మడానికి. రెండూ ఒకటే తీరు చెంబులు, మా పెండ్లికి వచ్చినవి.

జర్రంత గ్లాసుల పోసుకొని మామ తెల్ల తువ్వాల ముందట పట్టి చూసిన. నెత్తురు లెక్క ఉంటదనుకున్న. కాదు. పాత ఇటుక రంగు, అంచుకు పోయేసరికి పండు నారింజ. శభాష్, పుస్తకంల ఉన్నట్టే. గ్లాసు గిర్రగిర్ర తిప్పి ముక్కు పెట్టిన. మొదలు ఏం లేదు. తర్వాత ఎండిన గులాబీ. ఎనుకనే తడిమన్ను, పుట్టగొడుగులు, ఇనుము. ఆ తర్వాత...

ఆ తర్వాత వచ్చిన వాసన పుస్తకంల లేదు.

తడిసి తడిసి మెత్తబడ్డ కర్ర. కర్ర మీద తెల్లబూజు. తోలుబెల్టు, చెమట, లోపటి గాలి. నేను ఏండ్ల తరబడి రాయి మీద వేసి బాదిన వాసన. మామ డ్యూటీ బట్టల వాసన, అచ్చంగ అదే. గ్లాసుల నుంచి లేసి వంటింట్ల నిండింది. మా ఆయన టార్చి ఎనుక తలుపు దిక్కు తిప్పిండు. ఆయనకూ వచ్చిందన్నట్టు.

లోపలి అర్రల కెల్లి అత్త గొంతు. సీసా తీసిన సంగతి గూడ చెప్పలే మేము.

"సమ్మయ్యా! బాపు డ్యూటీ దిగి వచ్చిండా? నీళ్లు కాగినయా?"

ఎనుక తలుపు కాడ, ఏడాదిసంది అక్కడనే ఉన్న మామ గమ్‌బూట్ల దిక్కు నుంచి టప్... టప్... అని సప్పుడు. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నడు. పోయి చూస్తే ఏమున్నది? రాత్రి కురిసిన వాననీళ్లు కప్పు కారి బూటుల పడుతున్నయి. మొన్నటి వానల ఆ కప్పు కారలే. అది వేరే ముచ్చట.

"నీయవ్వ, నీళ్లే!" అని నేనే గట్టిగ నవ్విన. నా నవ్వు నాకే నచ్చలే.

అయినా పరీక్ష పరీక్షే. నోట్లె పోసుకొని, గాలి గుంజుకుంట గుర్‌గుర్‌మని తిప్పి, రెండో చెంబుల ఉమ్మిన. పుల్లగ మొదలై, పట్టుబట్ట లెక్క జారి, గొంతుకాడ ఆగి అండ్లనే కూసున్నది. మల్ల రుచి చూసే ముందు నోరు శుభ్రం చేసుకోవాలె, ఉత్త రొట్టె తినుండ్రి అని రాసిండ్రు. మాసికం నాడు రొట్టె యాడిది? ముర్మురాలు ఉన్నయి, అవే మరమరాలు. బుక్కెడు ముర్మురాలు, గుటికెడు వైన్, ఉమ్ము. మల్ల ముర్మురాలు, మల్ల వైన్, మల్ల ఉమ్ము. తర్వాత ఉమ్మబుద్ధి కాలే. తల తేలికైంది.

"బతికే ఉన్నది!" అని ఒర్లిన. "మస్తుగ బతికి ఉన్నది!"

"ఎవలు బిడ్డా?" అన్నది అత్త లోపట్నుంచి, భయం భయంగ.

"వైన్ అత్తా, వైన్!"

సరిగ్గ అప్పుడే బ్లాస్టింగ్ సైరన్ మోగింది. నేను లేసిన. అన్నం గిన్నెకు మూత, చారుకు మూత, పాలకు మూత, ఈ చెంబుకు మూత, ఆ చెంబుకు మూత. అన్నీ ఎత్తి గూట్లె పెట్టిన. నా తప్పేం లేదు, చెప్పిన గద, చేతులే చేస్తయి! ఇల్లు అదిరింది. దుమ్ము లేసింది. దుమ్ములకెల్లి మా ఆయన పెరట్ల నుంచి కేక:

"సుగుణా! జల్ది! ఒకటి దిగింది!"

గూట్లెకెల్లి చెంబు అందుకొని ఉరికిన. ఏది ఏదో నాకు తెల్వదా? నాకు తెల్వనిది ఏమున్నది!

ఒక్కటే కాకి. గోడ చివర వాలి ఉన్నది. నా చేతిల చెంబు తీసుకొని మా ఆయన మోదుగాకు దొప్పల పోసిండు. చీకటి మబ్బుల ఎరుపు ఎరుపే, ఎవలకు తెలుస్తది? కనుకక్క కుర్చీల ముందుకు వంగింది. కాకి గోడ మీద నడుసుకుంట వచ్చింది. మటన్ దాటింది. క్వార్టర్ దాటింది. బీడీల కట్ట దాటింది. దొప్ప కాడ ఆగింది.

"ఏమైంది?" అన్నది అత్త. కనబడకపాయె పాపం. "ఎవలన్న చెప్పుండ్రి! ముట్టిందా?"

కాకి ముక్కు ముంచింది. తల పైకెత్తి మింగింది. మల్ల ముంచింది, మల్ల మింగింది. దొప్ప ఖాళీ అయ్యేదాక తాగింది. అప్పుడు, నా మీద ఒట్టు, ముక్కుతోని గోడను టక్ టక్ కొట్టింది. తల ఓ పక్కకు వంచింది. వంచి నన్నే చూసింది.

దయ్యాల్లేవన్న నోరు ఎండుకపోయింది.

"తాగింది అవ్వా" అన్నడు మా ఆయన, ఏడ్సుకుంట. "అంతా తాగింది."

"ఎవలు తెచ్చిచ్చిండ్రు?"

"సుగుణనే."

అత్త నా చెయ్యి దొరకబట్టుకొని కండ్లకు ఒత్తుకున్నది. "నీ చేతిది ముట్టిండు బిడ్డా. ఒట్టు తీసి గట్టున పెట్టిండు." నేను రాయి లెక్కనే ఉంటగాని, ఆ మాటకు నా కండ్లు గూడ తడైనయి. దాచేది ఏమున్నది.

పిట్ట ముట్టినంక మిగిలింది ఇంటోళ్లు ప్రసాదం లెక్క తీసుకోవాలె. చెంబు చేతులు మారింది. అత్త గుటికెడు తాగి "మందంగ ఉన్నది, మంచిది" అన్నది. మా ఆయన కండ్లు మూసుకొని తాగిండు. కనుకక్కకు నేనే నా చేత్తోని పోసిన. నా చేతి వంటను అన్న నోరు గదా, ఆ నోట్లె పోయ్యాలె! ఆమె సప్పరిచ్చింది.

"చెల్లే, ఏందో మెత్తగ నాలుకకు తగులుతాంది?"

నేను నడుం మీద చెయ్యి పెట్టుకున్న. "అది మడ్డి కనుకక్కా. పాత బర్గండీల ఉంటది. నాణ్యానికి అదే గుర్తు. దేశదేశాల్ల దాన్ని చూసే కొంటరు. తెల్వకుంటే మాట్లాడకుంట మింగు."

మింగింది. "అమృతం లెక్కున్నది, ఇంకింత పొయ్యి" అన్నది. పోసిన.

ఆఖరుకు నా వంతు. రుచి చూసుడు తెలిసినదాన్ని గద, అందరి ముందట గుర్‌గుర్‌మనిపిచ్చి చూపెడుదామని నోట్లె తిప్పిన. రుచి ఏందో తేడా కొట్టింది. చప్పగ, ఉప్పగ. ఎనుక పన్నుకు మెత్తటిది ఒకటి తగిలింది. నాలుకతోని ముందటికి తెచ్చి చూసిన.

ముర్మురం!

నాని, ఉబ్బి, గుండ్రంగ ఉన్న ముర్మురం. బర్గండీల ఇవి పండవు, పుస్తకంల ఎక్కడా లేదు.

అందరూ నన్నే చూస్తాండ్రు. "ఎట్లున్నది సుగుణా?" అన్నది అత్త. ఏం చెప్పాలె? గుటుక్కున మింగి, "అద్భుతం" అన్న.

వంటింట్లకు ఉరికి గూట్లె మిగిలిన చెంబు మూత తీసిన. నిండుగ, తేటగ, ఇటుక రంగుల, ఎంగిలి కానిది అట్లనే ఉన్నది. ముక్కు పెట్టిన. ఏం లేదు. గులాబీ లేదు, మన్ను లేదు, కర్ర లేదు. నాలుక మీద వేసుకున్న. పుల్లటి నీళ్లు. ఇంట్ల గూడ ఆ వాసన లేదు, ఎవలో తలుపు తీసుకొని పోయినట్టు. పుస్తకం లెక్క అయితే గాలి తాకి వైన్ పానం పోయింది. అత్త లెక్క అయితే మామ తాగి పోయిండు. నా లెక్క అడగకుండ్రి. ఆ నీళ్లు ఆయన గమ్‌బూట్ల కాడ మన్నుల పోసిన. మోరీల మాత్రం పొయ్యలే.

బతికున్నన్ని రోజులు నా చేతి నీళ్లు ముట్టనోడు, సచ్చినంక నా ఎంగిలి ముర్మురాలతో సహా తాగిపోయిండు!

అత్త మాట తప్పలే. దవాఖానకు నడిసింది, కన్ను చేపిచ్చుకున్నది. పట్టీ తీసినంక ఇంటికొచ్చి అర్ర అర్ర తిరిగి, తలుపుల ఎనుక గూడ చూసి, కుదుటపడ్డది. "లేడు బిడ్డా. పోయిండు." అసొంటి మొకం చూసి నేను నిజమెట్ల చెప్పాలె? ఈ ముచ్చట మీ చెవుల్లనే ఉండాలె. కనుకక్క చెవుల పడ్డదంటే వాంతి ఆమె చేసుకుంటది, కడుగుడు నాకు పడ్తది.

ఇంట్ల లేడు, నిజమే. మాసికమైన తెల్లారి బ్రష్ నోట్లె పెట్టుకొని పెరట్ల నల్లా కాడికి పోయిన. గోడ మీద ఒకటే కాకి. కాకులన్నీ ఒకటే తీరుంటయి గదా అనుకొని నురగ ఉమ్మిన. అది గోడ దిగి, నల్లా గట్టు మీదికి నడుసుకుంట వచ్చి, ముక్కుతోని టక్ టక్ కొట్టి, తల వంచింది. ఇంకింత ఉన్నదా అన్నట్టు.

అప్పటిసంది నా పండ్లు తోముడు బాత్రూంలనే, గడియ పెట్టుకొని. నిన్న గూడ అట్లనే తోముకుంటున్న. డ్యూటీకి టైం అయితాందని మా ఆయన బయట నుంచి తలుపు టక్ టక్ కొట్టిండు.

"అయిపోయింది మామా, సుక్క గూడ మిగల్లే!" అని ఒర్లిన.